ఒకే పాటలో పిక్, వేళ్లు రెండూ: మధ్యలో పిక్ ఎక్కడ దాస్తారు?

రేణిగుంట_లోఎండ్ | ఏప్రిల్ 21, రాత్రి 11:48

అందరికీ నమస్తే. నేను బేస్ గిటార్ పట్టి మూడేళ్లయింది. మొదటి రెండేళ్లూ వేళ్లతోనే వాయించాను. పోయినేడు ఆర్కెస్ట్రాలో చేరాక ఫాస్ట్ పాటలకి పిక్ (తీగలు మీటే చిన్న ప్లాస్టిక్ ముక్క) పట్టక తప్పలేదు. విడివిడిగా అయితే రెండూ వచ్చు. ఒకే పాటలో రెండూ పడితేనే తంటా.

మొన్న ఒక రిసెప్షన్లో జరిగింది చెప్తాను. పల్లవి పిక్‌తో దడదడలాడాలి, చరణం మెత్తగా వేళ్లతో నడవాలి. చరణానికి ముందు పిక్‌ని పళ్ల మధ్య కరుచుకున్నాను. అంతవరకూ బాగానే ఉంది. చరణం చివర కోరస్ నేనూ పాడాలన్న సంగతే మర్చిపోయాను. మైకు దగ్గరికి వెళ్లి నోరు తెరిచాను. పిక్ చెక్క మీద పడి, ఒక్క ఎగురు ఎగిరి, స్టేజి పలకల సందులోంచి కిందికి పోయింది. నా దగ్గర ఉన్నది అదొక్కటే. మిగతా పాటంతా గోటితో గీకాను. పెళ్లికొడుకు చూడలేదు కానీ మా డ్రమ్మర్ చూశాడు. ఏడాది పొడుగునా ఏడిపించడానికి వాడికది చాలు.

వచ్చే నెల గంగమ్మ జాతర వారంలో ప్రోగ్రాం ఉంది. లిస్టులో అదే పాట మళ్లీ ఉంది. పిక్‌ని మీరంతా ఎక్కడ దాస్తారు? ఇంకోటి, వేళ్లకి మారగానే నా సౌండ్ ఒక్కసారిగా పడిపోతోంది. అది మామూలేనా?


మెటల్_మదనపల్లె | ఏప్రిల్ 22, ఉదయం 7:15

దాచడం ఎందుకు తమ్ముడూ, చరణం కూడా పిక్‌తోనే లాగించెయ్. టోన్ నాబ్ సగానికి తగ్గించు, అరచేతి అంచుని బ్రిడ్జ్ (కుడిచేతి వైపు తీగలు ఆనే కొస) దగ్గర తీగల మీద కొంచెం ఆనించు, పిక్‌ని నెక్ (ఎడమచేతితో పట్టే పొడుగు కొయ్య) వైపు జరిపి నిమ్మళంగా కొట్టు. వినేవాళ్లకి వేళ్లో పిక్కో తెలియదు. నేను ఆరేళ్లుగా ఇంతే. పల్లవిలో చెయ్యి లేపుతాను, చరణంలో ఆనిస్తాను.


కపిలతీర్థం_గ్రూవ్ | ఏప్రిల్ 22, ఉదయం 9:02

బేస్ అంటే వేళ్లే. పిక్ కావాలనుకునేవాళ్లు గిటార్ వాయించుకోవచ్చు కదా.


మెటల్_మదనపల్లె | ఏప్రిల్ 22, ఉదయం 9:20

ఈ మాట ఎక్కడికెళ్లినా తప్పదనుకుంటా. స్వామీ, 1960లలో లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో కేరొల్ కే వాయించిందంతా పిక్‌తోనే. బీటిల్స్ పాల్ మెకార్ట్నీ పిక్కే. యెస్ బ్యాండ్ క్రిస్ స్క్వయర్ పిక్కే. వీళ్లంతా గిటార్ వాయించుకోవాల్సిందా?


కపిలతీర్థం_గ్రూవ్ | ఏప్రిల్ 22, ఉదయం 9:31

మీరు చెప్పినవాళ్లలో మొదటి ఇద్దరూ ముందు గిటార్ వాయించి, తర్వాత బేస్‌కి వచ్చినవాళ్లే. నా మాటే నిజమైంది 😄 సరే మరి, ఐరన్ మెయిడెన్ బ్యాండ్ స్టీవ్ హారిస్ ఆ గుర్రప్పరుగు స్పీడంతా వేళ్లతోనే కదా వాయిస్తాడు? స్పీడ్ కోసం పిక్ అనేది సాకు.


మోడరేటర్ | ఏప్రిల్ 22, ఉదయం 10:05

ఈ గొడవకి వేరే దారం (థ్రెడ్) ఇప్పటికే పద్నాలుగు పేజీలు నడుస్తోంది. అక్కడికి వెళ్లండి. ఇక్కడ ఆ అబ్బాయి అడిగింది పిక్ ఎక్కడ దాచాలని.


పాతతీగలు_చిత్తూరు | ఏప్రిల్ 22, మధ్యాహ్నం 2:40

నాయనా, నోట్లో పెట్టుకోవడం నేనూ చేశాను, 1990లలో. ఒకసారి మింగబోయి మానేశాను.

నేను చేసేది చెప్తా, బేస్ పక్కన పెట్టి ఉత్త చేత్తో చేసి చూడు. పిక్ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉంది కదా. బొటనవేలితో దాన్ని నెమ్మదిగా అరచేతి వైపు తోయి. ఉంగరపువేలు, చిటికెనవేలు రెండూ ముడిచి దాన్ని అరచేతికి అదిమి పట్టు. బస్సులో కండక్టర్ మడిచిన నోట్లు వేళ్ల మధ్య పెట్టుకుంటాడే, ఆ పట్టులాంటిదే. ఇప్పుడు బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు ఖాళీ. వేళ్ల బేస్‌కి అంతకంటే ఏం కావాలి? తిరిగి రావడానికి ఉంగరపువేలితో పిక్‌ని పైకి నెట్టు, బొటనవేలు వచ్చి అందుకుంటుంది. మొదట వంద సార్లు కింద పడుతుంది. మంచం మీద కూర్చుని చెయ్యి, వంగి వంగి ఏరుకునే పని తప్పుతుంది. టీవీ చూస్తూ కూడా చేసుకోవచ్చు.

కొందరు పిక్‌ని చూపుడువేలి మడతలోనే ఉంచేసి నడిమివేలు, ఉంగరపువేలితో వాయిస్తారు. మార్పు వాళ్లకి తొందరగా అవుతుంది. కానీ ఉంగరపువేలికి బలం తక్కువ, దాన్ని కొత్తగా దారికి తేవాలంటే ఆరు నెలలు. నీకు మూడు వారాలే ఉంది.

రెండో మాట. మార్పుకి టైం ఎక్కడ తీసుకుంటున్నావో చూసుకో. టెంపో 120 అయితే ఒక బీట్ అర సెకను. చరణం ఎత్తుకునే ముందు ఒక్క బీట్ చిక్కితే చాలు. ఆ బీట్‌లో కుడిచేతికి పనిలేకుండా పాటని సర్దుకోవాలి. చరణానికి ముందొచ్చే మ్యూజిక్ బిట్ చివరి నోట్‌ని ఒక్కసారి కొట్టి వదిలెయ్. ఎడమచెయ్యి ఫ్రెట్ (నెక్ మీది మెట్టు) మీద గట్టిగా ఉన్నంతసేపూ అది మోగుతూనే ఉంటుంది. కుడిచెయ్యి ఈలోపు తన పని తాను చేసుకుంటుంది. కుడిచెయ్యి ఆగితే సౌండ్ ఆగుతుందని కొత్తవాళ్లు తెగ భయపడతారు, అందుకే తొందరపడి పిక్ జారవిడుస్తారు.

పాట ఏ శృతిలో వాయిస్తున్నావు?


రేణిగుంట_లోఎండ్ | ఏప్రిల్ 22, రాత్రి 10:30

అన్నా, చాలా థాంక్స్. అసలు పాట ‘ఏ’లో. ఇంట్లో ప్రాక్టీస్ చేసినప్పుడు ఓపెన్ ‘ఏ’ తీగ (ఎడమచేత్తో నొక్కకుండా) మోగనిచ్చి మారిపోయేవాణ్ణి, హాయిగా ఉండేది. స్టేజి మీద మా సింగర్‌కి గొంతు బాగుంటే ‘బి ఫ్లాట్’ అంటాడు. కీబోర్డ్ ఆయన శృతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ ఒక్కటి నొక్కి నా వైపు చూసి నవ్వుతాడు. నాకేమో ఓపెన్ తీగలన్నీ పోతాయి.


పాతతీగలు_చిత్తూరు | ఏప్రిల్ 22, రాత్రి 10:52

హహ. ఆ బటన్ వచ్చిన రోజు నుంచే మన కష్టాలు మొదలు. అందుకే ఓపెన్ తీగ మీద ఆధారపడొద్దు. ‘బి ఫ్లాట్’ అంటే ‘ఏ’ తీగ మొదటి ఫ్రెట్. చూపుడువేలితో పట్టి ఉంచు, మిగతా వేళ్లు పై తీగల మీద ఊరికే ఆనించి ఉంచు. లేకపోతే కుడిచెయ్యి లేచిన ఆ అర సెకనులో ‘డి’, ‘జి’ తీగలు గుంయ్‌మంటాయి. నోట్ నిలబెట్టడం సగం పని. మిగతా తీగల నోరు మూయించడం మిగతా సగం.


ఫేడర్_స్వామి | ఏప్రిల్ 23, ఉదయం 8:10

సౌండ్ పడిపోవడం గురించి నేను చెప్తాను. నేను మిక్సర్ ఇవతల ఉండేవాణ్ణి, మీరందరూ తిట్టుకునే మనిషిని.

మీ కింది తీగ, అంటే ‘ఈ’, 41 హెర్ట్జ్ చిల్లర. కల్యాణ మండపాల్లో సబ్ (కింది మోతకి వాడే పెద్ద బాక్సు) లేకుండా రెండు టాప్ బాక్సులు పెడితే ఆ కింది మోత జనం చెవిదాకా పెద్దగా రాదు. తీగ మోగేటప్పుడు 41తో పాటు దాని రెట్లు 82, 123 అలా పైకి కూడా వస్తాయి. చిన్న బాక్సుల్లో బేస్ వినిపించేది వాటివల్లే. పిక్ కొన సన్నం, గట్టి. అందుకే పై రెట్లని బాగా లేపుతుంది. వేలి కొస మెత్తన, వెడల్పు. పై రెట్లని సగం అదే మింగేస్తుంది. కాబట్టి నువ్వు సమానంగానే వాయిస్తున్నాననుకుంటావు, బయట బేస్ మాయమైపోతుంది.

ఇంకో సంగతి. సౌండ్ చెక్‌లో మీ వాళ్లు ఏం చేస్తారు? పిక్ పట్టుకుని రెండు లైన్లు గట్టిగా వాయించి ‘ఓకే అన్నా’ అని టీకి పోతారు. నేను ఆ పిక్‌కి గెయిన్ (సౌండ్ మట్టం) సెట్ చేస్తాను. చరణంలో వేళ్లకి మారితే ఇంకేముంది. దయచేసి రెండూ వాయించి చూపించండి. ముందు వేళ్లతో మీరు కొట్టగలిగినంత గట్టిగా, తర్వాత పిక్‌తో. పిక్‌తో వాయించేటప్పుడు చెయ్యి తేలిక చేసుకోండి. వేళ్లకి మారినప్పుడు బ్రిడ్జ్ వైపు కొంచెం జరగండి, అక్కడ సౌండ్ బిగువుగా ఉంటుంది. మిక్సర్ డిజిటల్ అయితే చానెల్లోనే కంప్రెసర్ (ఎక్కువ తక్కువ సౌండ్‌ని సమానం చేసేది) ఉంటుంది. రేషియో నాలుగుకి ఒకటి, అటాక్ (అది పని మొదలుపెట్టే ముందు ఆగే టైం) 20, 30 మిల్లీసెకన్లు పెట్టమని అడగండి. పిక్ మొదటి ‘టక్’ బతుకుతుంది, వెనకాల ఉన్నది సమానమవుతుంది.

అడిగితే కోపగించే సౌండ్ వాళ్లు కూడా ఉంటారు. అలాంటప్పుడు టీ ఇప్పించి అడగండి.


అలిపిరి_మెట్లు | ఏప్రిల్ 23, సాయంత్రం 6:33

నేను బేస్ కొని రెండు నెలలే. ఒక చిన్న ప్రశ్న, పిక్ ఏ మందం తీసుకోవాలి? ఇక్కడ షాపులో అన్నీ గిటార్ పిక్‌లే, పల్చగా అట్టముక్కల్లా ఉన్నాయి.


మెటల్_మదనపల్లె | ఏప్రిల్ 23, రాత్రి 9:40

పల్చనివి బేస్ తీగకి తగిలితే మడత పడతాయి, చప్పుడే తప్ప స్వరం రాదు. 0.88 మిల్లీమీటర్ల నుంచి మొదలుపెట్టు. డన్‌లప్ టోర్టెక్స్‌లో పచ్చరంగుది 0.88, నీలం 1.0, ఊదా 1.14. నేను ఊదా వాడతాను. మూడు మూలల పెద్ద పిక్ దొరికితే ఇంకా మంచిది. ఒక మూల అరిగితే ఇంకో మూల తిప్పుకోవచ్చు, చేతిలో పట్టూ బాగుంటుంది. బేస్ తీగలకి పిక్ ఎంత తొందరగా అరుగుతుందో నెలలో నీకే తెలుస్తుంది. నా జేబులో ఎప్పుడూ నాలుగైదు ఉంటాయి. ఒక్కటే పిక్‌తో స్టేజి ఎక్కేవాళ్లని ఏమనాలో రేణిగుంట తమ్ముణ్ణే అడుగు.

షాపు మాట అడిగావు కాబట్టి: చెన్నైకి ఎవరైనా వెళ్తుంటే మౌంట్ రోడ్డులో మ్యూసీ మ్యూజికల్‌లో తెప్పించుకో. 1842 నుంచి ఉన్న షాపు. తిరుపతి నుంచి పొద్దున రైలుకి పోతే రాత్రికి ఇంట్లో ఉండొచ్చు. ఒక పిక్ కోసం కాదు, తీగలు కూడా కలిపి తెచ్చుకో.


తాళంతీగ | ఏప్రిల్ 24, ఉదయం 11:20

నేను బేస్ వాయించను, వీణ నేర్చుకుంటున్నాను. తమ్ముడి కోసం ఈ దారం చదివాను. చదువుతుంటే ఒక అనుమానం వచ్చింది. వీణలో చూపుడువేలు, నడిమివేలు గోళ్లతో నాలుగు తీగల్ని కిందికి మీటుతాం. పక్కనున్న మూడు తాళం తీగల్ని చిటికెనవేలితో పైకి మీటుతాం. గోళ్లు నిలవనివాళ్లు తీగతో చేసిన మీటుళ్లు వేలికి తొడుక్కుంటారు. తొడుక్కున్నది కింద పడదు కదా. మీకు అలాంటిదేం లేదా?


కపిలతీర్థం_గ్రూవ్ | ఏప్రిల్ 24, మధ్యాహ్నం 12:08

మంచి ప్రశ్న అక్కా. బొటనవేలికి తొడుక్కునే పిక్ ఉంది, థంబ్ పిక్ అంటారు. ఇది నాకు తట్టనందుకు సిగ్గుగా ఉంది.


పాతతీగలు_చిత్తూరు | ఏప్రిల్ 24, రాత్రి 8:55

నేను వాడి చూశానమ్మా. అన్నీ కిందికే కొట్టే పాటైతే భలే ఉంటుంది. వేళ్లు రెండూ ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి, మార్పు అనే మాటే లేదు. చిక్కల్లా పైకి లాగేటప్పుడు. మామూలు పిక్‌ని వేళ్ల మధ్య అటూఇటూ వంచుకుంటాం, ఇది బొటనవేలికి బిగుసుకుని ఒకే కోణంలో నిలబడుతుంది, పైకి వచ్చేటప్పుడు తీగలో ఇరుక్కుంటుంది. మంచి స్పీడ్ పాటలో రెండుసార్లు ఇరుక్కున్నాక జేబులో పెట్టేశాను. ఇంకోటి, చరణంలో బొటనవేలిని పికప్ (తీగల కింద సౌండ్ పట్టే అయస్కాంతం పట్టీ) మీద ఆనించి వేళ్లతో వాయించేటప్పుడు ఆ తొడుగు అడ్డం తగులుతుంది. రేణిగుంట అబ్బాయీ, నీ పాటలో ఎయిత్ నోట్స్ (బీట్‌కి రెండు) అన్నీ కిందికే కొట్టగలిగితే ప్రయత్నించు. టెంపో ఎంత?


రేణిగుంట_లోఎండ్ | ఏప్రిల్ 24, రాత్రి 11:15

148. అన్నీ కిందికి రెండు నిమిషాలు కొట్టాక ముంజేయి రాయైపోతుంది అన్నా. థంబ్ పిక్ నాకు కాదు.

మీరు చెప్పినట్టు అరచేతిలోకి ముడవడం మొదలుపెట్టాను. మా అమ్మ ‘ఏంరా, చేతిలో ఏం దాస్తున్నావ్’ అని రెండుసార్లు అడిగింది.


రేణిగుంట_లోఎండ్ | మే 3, రాత్రి 10:05

పది రోజుల రిపోర్ట్. ముడవడం వచ్చేసింది, పదిలో ఎనిమిదిసార్లు. కానీ రెండు కొత్త ఇబ్బందులు.

ఒకటి చెమట. మన తిరుపతి మే నెల ఎండ సంగతి తెలిసిందే, రాత్రి తొమ్మిదికి కూడా చెయ్యి తడిగానే ఉంటుంది. పిక్ అరచేతిలోనే చేపపిల్లలా జారుతోంది.

రెండోది నాకు అర్థం కావడం లేదు. పిక్ నుంచి వేళ్లకి వచ్చాక మొదటి రెండు నోట్లు తప్పుతున్నాయి. పిక్ సరిగ్గా దాచినా సరే. వేలు తీగకి అందదు, లేదా పక్క తీగకి తగులుతుంది. మూడో నోట్ నుంచి బాగుంటుంది.


ఫేడర్_స్వామి | మే 3, రాత్రి 10:40

చెమటకి: ఉప్పుకాగితంతో పిక్ పై సగం రెండు వైపులా గరుకుగా రుద్దు. కొన జోలికి పోవద్దు. చేతికి పౌడర్ మాత్రం వద్దు, తీగలకి అంటి రెండు రోజుల్లో చంపేస్తుంది.


పాతతీగలు_చిత్తూరు | మే 4, ఉదయం 6:50

రెండోదానికి నీ బేస్ చూడాలి. పికప్‌లు ఎన్ని? వేళ్లతో వాయించేటప్పుడు బొటనవేలు దేని మీద పెడతావు? పిక్‌తో వాయించేటప్పుడు అరచెయ్యి ఎక్కడ ఉంటుంది?


రేణిగుంట_లోఎండ్ | మే 4, ఉదయం 8:12

జాజ్ బేస్ మోడల్ అన్నా, కాపీనే. పికప్‌లు రెండు. బొటనవేలు నెక్ వైపు పికప్ మీద. పిక్ అప్పుడు అరచెయ్యి బ్రిడ్జ్ మీద.


పాతతీగలు_చిత్తూరు | మే 4, ఉదయం 8:30

దొరికింది దొంగ. పిక్‌కి బ్రిడ్జ్ మీద, వేళ్లకి నెక్ పికప్ మీద. చరణం రాగానే నీ చెయ్యి జానెడు దూరం ఎగిరి పోయి కొత్త చోట దిగుతోంది, చీకట్లో మెట్టు వెతుక్కున్నట్టు. మొదటి రెండు నోట్లూ ఆ వెతుకులాటలో పోతున్నాయి. నీకు రెండో పికప్ బ్రిడ్జ్ పక్కనే ఉంది కదా, చరణంలో బొటనవేలు దాని మీద పెట్టు. అరచెయ్యి ఉన్న చోటు నుంచి నాలుగు వేళ్ల దూరం కూడా జరగక్కర్లేదు. టోన్ కొంచెం సన్నమవుతుంది, నాబ్ తిప్పుకో. ఫేడర్ స్వామి చెప్పిన బిగువు కూడా అక్కడే దొరుకుతుంది. పేరుమోసిన అమెరికన్ బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ జాజ్ బేస్ మీద ఆ వెనక పికప్ దగ్గరే వేళ్లు ఆడించాడు. మనకేం తక్కువ.

ఇంకో మాట, నీ ప్రొఫైల్ ఫోటోలో బెల్ట్ చాలా కిందికి వేలాడదీశావు. చూడ్డానికి స్టైలే. అంత కిందికి ఉంటే వేళ్లతో వాయించేటప్పుడు మణికట్టు బాగా మడత పడుతుంది, పిక్‌కి పడదు. రెండిటికీ చెయ్యి ఒకేలా ఉండాలంటే బెల్ట్ రెండు రంధ్రాలు పైకి ఎత్తు. నాకు నలభై దాటాక మణికట్టు నొప్పి వచ్చింది, అప్పుడు ఎత్తాను. నువ్వు ఇప్పుడే ఎత్తు.


మెటల్_మదనపల్లె | మే 4, ఉదయం 9:00

బెల్ట్ పైకి ఎత్తడమా? మిగతావన్నీ ఒప్పుకుంటాను కానీ ఇది మాత్రం కాదు 😭


కపిలతీర్థం_గ్రూవ్ | మే 4, ఉదయం 9:14

ఈ దారంలో మీరు, నేను ఒప్పుకున్నది ఇదొక్కటే అన్నా.


రేణిగుంట_లోఎండ్ | మే 15, మధ్యాహ్నం 1:25

ప్రోగ్రాం అయింది. ఇప్పుడే నిద్ర లేచాను.

సౌండ్ చెక్‌లో రెండూ వాయించి చూపించాను. సౌండ్ ఆయన ఒక్క క్షణం ఆగి, ‘ఇలా చూపించే బేస్ వాణ్ణి ఇప్పుడే చూస్తున్నా’ అన్నాడు, టీ కూడా ఆయనే ఇప్పించాడు. సింగర్ ఈసారి ‘బి ఫ్లాట్’ కూడా కాదు, ‘బి’ అన్నాడు. రెండో ఫ్రెట్ పట్టి వదిలాను, పిక్ ముడిచాను, బొటనవేలు వెనక పికప్ మీద పడింది. మొదటి నోటే తగిలింది. ఒక్క నోటు కూడా తప్పలేదు, నాకే నమ్మకం కలగలేదు. ఆ సంతోషంలో మళ్లీ పల్లవికి పిక్ తీయడం మర్చిపోయాను. రెండో పల్లవంతా వేళ్లతోనే, పిక్ అరచేతిలోనే ఉంది. సౌండ్ ఆయన ఒక్కడే తలెత్తి చూశాడు.

ఇళయరాజా పాట ఒకటి పడింది, దానికి మాత్రం మొదటి నుంచి చివరిదాకా వేళ్లే. ఆ బేస్ లైన్లలో ఊపిరి తీసుకోవడానికే టైం ఉండదు, ఇంక పిక్ దాచేదెక్కడ.

కోరస్ పాడేటప్పుడు నోరు ఖాళీగా ఉండటం ఎంత సుఖమో.


అలిపిరి_మెట్లు | మే 15, సాయంత్రం 5:50

సూపర్ అన్నా! మరి అప్పుడు స్టేజి కిందికి పోయిన పిక్ దొరికిందా?


రేణిగుంట_లోఎండ్ | మే 15, సాయంత్రం 6:04

జాతరకి వచ్చింది కూడా అదే షామియానా వాళ్లు, అడిగాను. ఆ రిసెప్షన్ స్టేజి విప్పినప్పుడు కింద మూడు పిక్‌లు దొరికాయంట. డబ్బాలో దాచి ఉంచారు, తెచ్చి చూపించారు. ఒక్కటీ నాది కాదు.